తూకం చెప్పని బలం

భిలాయి కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టాను దాని బరువుతోనే పిలుస్తారు. మీటరు పొడవుకు సుమారు 60 కిలోలు తూగితే అది 60 కిలోల పట్టా, 52 కిలోలు తూగితే 52 కిలోల పట్టా. అయితే ఒకే తూకం గల రెండు పట్టాలకు ఒకే బలం ఉండాలన్న నియమం ఏమీ లేదు. పై భాగాన్ని ప్రత్యేక పద్ధతిలో వేడిచేసి, చల్లబరిచి గట్టిపరచిన పట్టా, మామూలు పట్టాకంటే ఎక్కువ కాలం అరగకుండా నిలుస్తుంది. రెండింటినీ కాటా మీద పెడితే ముల్లు మాత్రం ఒకేచోట ఆగుతుంది. తేడా అంతా ఉక్కు లోపలి అమరికలో ఉంది.

ఆటలాడే పిల్లల శరీరానికీ ఈ మాట వర్తిస్తుంది. కాని మన పాఠశాలల్లో, వ్యాయామశాలల్లో చర్చ అంతా కాటా చుట్టూనే తిరుగుతుంది. భిలాయి వంటి ఉక్కు పట్టణంలో ఒకే విద్యార్థి రెండు మూడు ఆటలు ఆడటం మామూలే. శిక్షకుడు రాజేశ్ పటేల్ తీర్చిదిద్దిన ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్లు ఛత్తీస్‌గఢ్‌కు జాతీయ విజయాలు తెచ్చిన ఊరు ఇది. పక్కనే ఉన్న దుర్గ్ నుంచి సబా అంజుమ్ భారత మహిళా హాకీ జట్టుకు నాయకత్వం వహించే స్థాయికి ఎదిగారు. ఉత్తరాంధ్ర నుంచి బతుకుతెరువుకు వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ ఈ మైదానాల్లోనే ఆడుకుంటారు. బాస్కెట్‌బాల్‌లో గూటి కింద చోటు నిలుపుకోవడానికి కాస్త బరువు అక్కరకొస్తుంది. 400 మీటర్ల పరుగులో అదే బరువు భారమవుతుంది. కబడ్డీలో వయసు విభాగాన్ని బట్టి బరువుకు పరిమితి ఉంటుంది. ఇక మూడూ ఆడే పిల్ల ఎంత బరువుండాలి? ఎంత తినాలి?

ఇలాంటి ప్రశ్నకు సమాధానం కోసం ప్రకటనల వైపు కాకుండా ప్రామాణిక గ్రంథం వైపు చూడటం మంచి అలవాటు. మనకు అటువంటి గ్రంథం ఒకటి ఉంది. భారత వైద్య పరిశోధనా మండలికి చెందిన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, 2024 మే నెలలో ‘భారతీయులకు ఆహార మార్గదర్శకాలు’ అన్న తన పుస్తకానికి సవరించిన ప్రతిని విడుదల చేసింది. ఈ సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో ఇప్పటి పేరు పొందింది. ఒక శతాబ్దపు అనుభవం గల సంస్థ చెప్పిన మాటకు విలువ ఎక్కువ. అందుకే ఆ పుస్తకాన్ని ఆటలాడే విద్యార్థి కళ్ళతో చదివి, అది ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ చెయ్యి వదిలేస్తుందో చూడాలి.

పదిహేడు సూత్రాలు

పుస్తకంలో మొత్తం 17 సూత్రాలున్నాయి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, శిశువులకు, ఎదిగే పిల్లలకు, వృద్ధులకు వేరువేరుగా సూత్రాలు కేటాయించారు. ఉప్పు తగ్గించమన్నారు, కూరగాయలు పెంచమన్నారు, పొట్ట చుట్టూ కొవ్వు పేరుకోకుండా చూసుకోమన్నారు, క్రమం తప్పకుండా వ్యాయామం చేయమన్నారు. ఆహారపు పొట్లాల మీద ముద్రించిన వివరాలు చదివి కొనమన్నారు. అన్నీ నిలకడగల మాటలు. కాని 17 సూత్రాల్లో ఒక్కటీ క్రీడాకారులకు ప్రత్యేకించినది కాదు.

ఇది పెద్ద లోపమా అని అడగవచ్చు. దేశంలో ఒకపక్క పోషకాహార లోపం, మరోపక్క స్థూలకాయం, మధుమేహం పెరుగుతుంటే కొద్దిమంది ఆటగాళ్ళ సంగతి తరవాత చూసుకోవచ్చు కదా? నిజమే. చిక్కు ఎక్కడంటే, స్థూలకాయాన్ని దృష్టిలో పెట్టుకొని చెప్పిన సలహాను ఆటలాడే పదహారేళ్ళ పిల్ల తనకే చెప్పారనుకొని పాటిస్తే అది మేలుకు బదులు కీడు చేయగలదు. ఎలాగో లెక్కలతో చూద్దాం.

పళ్ళెం లెక్క

ఈ పుస్తకంలో అందరి కంటా పడేది రోజుకు సరిపడే ఆహారాన్ని చూపే పళ్ళెం బొమ్మ. ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, వీటితో బాటు కూరగాయలు, పండ్లు. మొత్తం 2000 కిలోకాలరీలు. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని చెప్పడం ఈ బొమ్మలోని అసలు సందేశం. అన్నం గుట్టగా, పప్పు చెంచాడుగా వడ్డించుకునే మన అలవాటుకు ఇది చక్కని దిద్దుబాటు.

ఇప్పుడు 55 కిలోల బరువున్న ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. ఆమె శరీరంలో ఐదో వంతు కొవ్వు అనుకుంటే, కొవ్వు తీసేయగా మిగిలేది 44 కిలోలు. కండరాలు, ఎముకలు, గుండె, మెదడు, కాలేయం, నీరు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఆమె రోజూ ఆటకు 600 కిలోకాలరీలు ఖర్చుచేస్తుందనుకుందాం. 2000 నుంచి 600 తీసేస్తే 1400. దాన్ని 44తో భాగిస్తే కిలోకు దాదాపు 32 వస్తుంది. ఆట ఖర్చు పోగా శరీరం తన సొంత పనులకు వాడుకోగల శక్తి ఇది. క్రీడా వైద్యులు దీన్ని ‘అందుబాటు శక్తి’ అంటారు. యువతుల మీద జరిగిన ప్రయోగాలను బట్టి ఈ సంఖ్య 45 దగ్గర ఉంటే శరీరం నిశ్చింతగా పనిచేస్తుంది. 30కంటే తగ్గితే హార్మోన్ల పని దెబ్బతినడం మొదలవుతుంది. ఇది గీత గీసినట్టు అందరికీ ఒకేచోట ఉండే హద్దు కాదు. అయినా ప్రమాదం ఏ వైపున ఉందో చూపిస్తుంది. పళ్ళెం బొమ్మను అక్షరాలా పాటించిన మన విద్యార్థిని ఆ హద్దు అంచున నిలబడి ఉంది!

పళ్ళెం తప్పా? కాదు. అది ఆమె పళ్ళెం కాదు, అంతే. ఇదే సంస్థ 2020లో ప్రకటించిన శక్తి అవసరాల పట్టిక చూస్తే, 16 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిలకు రోజుకు 2500, అదే వయసు అబ్బాయిలకు 3320 కిలోకాలరీలు కావాలని ఉంది. 2500తో లెక్క వేస్తే అందుబాటు శక్తి 43కి చేరుతుంది. అంటే సరైన సమాధానం సంస్థ దగ్గరే ఉంది. కాని గోడకు అంటించుకునే బొమ్మలో లేదు. జనం పట్టికలు చదవరు, బొమ్మ చూస్తారు. బొమ్మ కిందనే పెద్ద అక్షరాలతో ‘ఎదిగే పిల్లలకు, శ్రమించేవారికి ఇది చాలదు’ అని ఒక్క వాక్యం రాయవలసింది.

ఇంతకంటే గట్టిగా పట్టించుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. బరువు తగ్గాలనుకునేవారు వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమమనీ, ఆహారం 1000 కిలోకాలరీలకంటే తగ్గకూడదనీ పుస్తకం చెబుతుంది. స్థూలకాయులైన పెద్దలకు ఇది మంచి హెచ్చరిక. మన విద్యార్థిని ఆ 1000ని లక్ష్యంగా తీసుకుంటే? వెయ్యిలో 600 ఆటకు పోగా మిగిలిన 400ను 44 కిలోలకు పంచితే కిలోకు తొమ్మిది! ఇది ఆటగత్తెకు ఆహారం కాదు, ఉపవాసం. ఒకరికి అడుగు హద్దుగా చెప్పిన అంకె మరొకరికి గొయ్యి కావచ్చని పుస్తకం హెచ్చరించలేదు.

ఎదిగే వయసులో లోటు

శక్తి చాలనప్పుడు శరీరం ఏం చేస్తుంది? ఆదాయం తగ్గిన ఇల్లాలు చేసే పనే చేస్తుంది. ఇవ్వాళ తప్పనివి ఉంచి, రేపటికి వాయిదా వేయగలిగినవి ఆపుతుంది. గుండె కొట్టుకోవాలి, మెదడు పనిచేయాలి. ఎముక గట్టిపడటం, గాయాలు మానడం, ఆడపిల్లల్లో నెలసరి క్రమం వాయిదా పడతాయి. దీన్నే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ‘ఆటల్లో సాపేక్ష శక్తి లోపం’ అని పేరుపెట్టి, అది ఆడపిల్లలకే కాక మగపిల్లలకూ వస్తుందని ప్రకటించింది. 2018లో, 2023లో ఆ ప్రకటనను సవరించింది.

ఎముక సంగతి మరీ ముఖ్యం. ఆడపిల్లలు సుమారు 12 ఏళ్ళకు, మగపిల్లలు సుమారు 14 ఏళ్ళకు అతివేగంగా ఎత్తు పెరుగుతారు. పెద్దయ్యాక ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు నాలుగో వంతు, ఆ దశకు అటూ ఇటూ గల రెండేళ్ళలోనే చేరుతుంది. ఆ రెండేళ్ళూ కడుపు మాడ్చుకున్న పిల్లకు పోయిన అవకాశం మళ్ళీ పూర్తిగా దొరకదు. ఆ వయసులో బరువు పెరగడం తప్పు కాదు. పెరగకపోతేనే విచారించాలి.

ఇక రక్తం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము చాలకపోతే కండరాలకు ప్రాణవాయువు చాలినంత అందదు. ఇనుప ఖనిజం తవ్వి ఉక్కు చేసే ఊళ్ళో పిల్లల రక్తంలో ఇనుము కరవవడం విడ్డూరమే. ఆయాసపడుతున్న పిల్లను ‘బరువు తగ్గు’ అని గద్దించే ముందు రక్తపరీక్ష చేయించడం వివేకం.

మాంసకృత్తుల డబ్బా

పుస్తకంలో అందరినీ ఆకర్షించిన మాట, కొందరికి కోపం తెప్పించిన మాట, ఎనిమిదో సూత్రం. కండలు పెంచడానికి మాంసకృత్తుల పొడులు వాడవద్దని, రకరకాల ఆహార పదార్థాలను కలిపి తినడం ద్వారానే మేలైన మాంసకృత్తులు పొందాలని అది చెబుతుంది. పొడుల్లో చక్కెర, కృత్రిమ తీపి పదార్థాలు, రుచి కోసం కలిపే రసాయనాలు ఉండవచ్చని, అందువల్ల రోజూ వాడదగినవి కావని కారణం చూపింది. కిలో శరీర బరువుకు రోజుకు 1.6 గ్రాములు దాటిన మాంసకృత్తుల వల్ల కండర సాధనలో అదనపు ప్రయోజనం కనిపించడం లేదని కూడా తెలిపింది.

ఈ విషయంలో సంస్థదే న్యాయం. అయితే ‘వద్దు’ అన్న మాట చెవికెక్కినంతగా ‘మరి ఎలా?’ అన్నదానికి జవాబు ఎక్కలేదు. ఆ జవాబు మనమే వేసుకుందాం. పైన చెప్పిన 2000 కిలోకాలరీల పళ్ళెంలో మాంసకృత్తులు సుమారు 60 గ్రాములుంటాయి. అదే పళ్ళాన్ని అన్ని పాళ్ళలోనూ పావు వంతు పెంచి 2500 చేస్తే, మాంసకృత్తులు వాటంతటవే 75 గ్రాములవుతాయి. దానికి రెండు కోడిగుడ్లు చేర్చండి. 88 గ్రాముల దగ్గర తేలుతుంది. మన విద్యార్థిని బరువు 55 కిలోలు. కిలోకు 1.6 గ్రాములు సరిగ్గా వచ్చాయి! గుడ్డు తినని ఇళ్ళలో వేయించిన శనగలు, వేరుశనగలు, మరో గ్లాసు పాలు ఆ పని చేస్తాయి.

ఇందులో ఒక రహస్యం ఉంది. కడుపునిండా తినే ఆటగాడికి మాంసకృత్తుల లోటు రావడం అరుదు. కడుపు మాడ్చుకొని డబ్బా కొనేవాడికి మాత్రం, ఆ ఖరీదైన పొడిలో కొంత భాగాన్ని శరీరం కండ కట్టడానికి కాక, పొయ్యిలో కట్టెలాగా శక్తి కోసం మండించుకుంటుంది. ముందు అన్నం, పప్పు. తరవాతే డబ్బా సంగతి.

ఘనం పెరిగితే వైశాల్యం ఎంత?

పుస్తకం పరిధిలో లేకపోయినా ఆటలాడే పిల్లలకు తెలియవలసిన భౌతికశాస్త్ర సూత్రం ఒకటుంది. ఒక ఘనం భుజాన్ని రెట్టింపు చేస్తే దాని అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లు, ఘనపరిమాణం ఎనిమిది రెట్లు అవుతాయి. కండరపు బలం ముఖ్యంగా దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. అందుకే శరీరం పెద్దదయ్యేకొద్దీ బలం పెరుగుతుంది గాని, బరువు పెరిగినంత వేగంగా పెరగదు. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోయడం, ఏనుగు మోయలేకపోవడం ఇందువల్లనే.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలో నీలంశెట్టి అప్పన్న దగ్గర శిక్షణ మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి జీవితం ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ. 1994, 1995 సంవత్సరాల్లో ఆమె ప్రపంచ విజేత అయినది 54 కిలోల విభాగంలో. 2000 సెప్టెంబరులో సిడ్నీలో కాంస్యం గెలిచినది 69 కిలోల విభాగంలో. విభాగపు హద్దు 28 శాతం పెరిగింది. పై సూత్రం ప్రకారం ఇంత బరువుకు ఆశించదగిన బల వృద్ధి 18 శాతమే. మిగిలినది సాధనతో, నైపుణ్యంతో సంపాదించుకోవాలి. సిడ్నీలో ఆమె 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తగలిగి ఉంటే బంగారమే వచ్చేది. ఆనాడు చైనా, హంగరీ క్రీడాకారిణులు ఇద్దరూ 242.5 కిలోల దగ్గర సమానమయ్యారు. తక్కువ శరీర బరువు గల చైనా యువతి లిన్ వైనింగ్‌కు బంగారం దక్కింది. సమానమైనప్పుడు తేలికైనవారే విజేత అన్న ఆ నిబంధన తరవాత మారిపోయింది.

దీని నుంచి గ్రహించవలసింది ఏమిటి? ప్రపంచ విజేత అయిన తరవాత కూడా ఒక క్రీడాకారిణి శరీరం ఎదిగింది. ఆమె పాత అంకెను పట్టుకు వేలాడలేదు. పై విభాగానికి మారి, అక్కడ ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యారు.

బలం పెరగడానికి బరువు పెరగడం ఒక్కటే దారి కాదన్నది దీనికి రెండో వైపు. బరువులెత్తే సాధన మొదలుపెట్టిన తొలి వారాల్లో వచ్చే బలంలో ఎక్కువ పాలు కండ పెరగడం వల్ల కాదు, నాడీవ్యవస్థ నేర్చుకోవడం వల్ల వస్తుంది. ఉన్న కండర తంతువుల్లోనే ఎక్కువ వాటిని ఒకేసారి పనిలోకి దించడం నాడులకు అలవడుతుంది. యవ్వనానికి ముందు వయసు పిల్లల్లో వచ్చే బలమంతా దాదాపు ఇదే. ఈ బలం కాటా మీద గ్రాము కూడా చూపించదు. బరువులెత్తితే పిల్లలు పొట్టివాళ్ళయిపోతారన్న నమ్మకానికి ఆధారం లేదు. జాగ్రత్తగా నేర్పేవారి పర్యవేక్షణ ఉండాలి, అంతే. 5 నుంచి 17 ఏళ్ళవారు వారానికి మూడు రోజులైనా కండరాలకు, ఎముకలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

వంద గ్రాములు

బరువు విభాగాలున్న ఆటల్లో మరో దురలవాటు ఉంది. పోటీ ముందు నీళ్ళు మానేసి, చెమట కక్కి, తూకం నెగ్గి, తరవాత తిని తాగి కోలుకోవడం. 2024 ఆగస్టు 6న పారిస్‌లో వినేశ్ ఫోగట్ ఒకే రోజు మూడు కుస్తీలు గెలిచి ఫైనల్ చేరారు. అంతకు ముందు టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె 53 కిలోల విభాగంలో పోటీపడ్డారు. పారిస్‌లో విభాగం 50 కిలోలు. మరునాటి ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ తేలడంతో పతకం లేకుండానే తిరిగి రావలసి వచ్చింది. రాత్రంతా నిద్రలేకుండా శ్రమించినా, జుట్టు కత్తిరించినా ఆ వంద గ్రాములు కరగలేదు. కారణం శరీరధర్మంలోనే ఉంది. ఎండిన శరీరం ఒక్కసారి నీరు, పిండిపదార్థాలు అందుకుంటే వాటిని గట్టిగా పట్టి ఉంచుకుంటుంది. కండరంలో ఒక గ్రాము గ్లైకోజెన్ నిల్వ చేరితే, దానితో బాటు దాదాపు మూడు గ్రాముల నీరు చేరుతుంది.

పతకం పోవడం కంటే పెద్ద నష్టం 1997లో జరిగింది. అమెరికాలో ఆ ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో ముగ్గురు కళాశాల కుస్తీవీరులు ప్రాణాలు కోల్పోయారు. ముగ్గురూ నీళ్ళు మాని, చెమట ఆవిరికాని దుస్తులు తొడిగి, వేడిలో వ్యాయామం చేస్తూ బరువు దింపుకుంటున్నవారే. రక్తంలో నీరు తగ్గితే గుండె వేగం పెరుగుతుంది, చెమట ఆగితే ఒంటి వేడి బయటికి పోదు. ఆ తరవాత అక్కడ ఆ దుస్తులను, ఆవిరి గదులను నిషేధించారు. తూకాన్ని పోటీకి కొద్ది సేపటి ముందుకు మార్చారు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే భిలాయి ఎండలో ఈ పాఠం మరింత అవసరం. గుక్కెడు నీళ్ళు మానితే దిగే బరువు కొవ్వు కాదు, బలం అంతకంటే కాదు.

వచ్చే ప్రతిలో ఏముండాలి?

పుస్తకంలో ఒక మంచి మలుపు గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. తొమ్మిదో సూత్రం మొత్తం బరువును కాక, పొట్ట చుట్టూ చేరే కొవ్వును ముందుకు తెచ్చింది. ఇది సరైన దృష్టి. ఎత్తును, బరువును బట్టి కట్టే శరీర ద్రవ్యరాశి సూచికకు కండకూ కొవ్వుకూ తేడా తెలియదు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న ఇరవై ఏళ్ళ క్రీడాకారిణి 60 కిలోలుంటే ఆ సూచిక 22. సాధన చేసి మూడు కిలోల కండ పెంచుకుంటే 23 దాటి, ఆసియా ప్రజలకు పెట్టిన హద్దు ప్రకారం ‘అధిక బరువు’ జాబితాలో చేరుతుంది! నడుము చుట్టూ వేసిన టేపు ఈ పొరపాటు చేయదు.

ఇదే దృష్టిని మరో అడుగు ముందుకు తీసుకుపోతే చాలు, ఆటలాడే పిల్లలకు కావలసిన పద్దెనిమిదో సూత్రం తయారవుతుంది. దానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఆట ఖర్చును ఆహారానికి కలపమని చెప్పాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలు తూకం కోసం నీళ్ళు, తిండి మానరాదని చెప్పాలి. విభాగం ఒంటిని బట్టి ఉండాలి గాని, విభాగాన్ని బట్టి ఒళ్ళు ఉండరాదని చెప్పాలి. కాటాతో బాటు వేరే కొలతలు నేర్పాలి. నిలుచున్నచోట ఎంత ఎత్తుకు ఎగరగలవు? బస్కీలు ఎన్ని తీయగలవు? ముప్ఫై మీటర్లు ఎన్ని సెకండ్లలో పరుగెత్తగలవు? ఈ నెల ఎత్తు ఎంత? నిద్ర సరిగా పడుతోందా? ఆడపిల్లలకైతే, నెలసరి క్రమంగా వస్తోందా?

ఈ జవాబులు ఒక నోటు పుస్తకంలో నెలకొకసారి రాసుకునే విద్యార్థికి తన శరీరం గురించి ఏ కాటా చెప్పలేనంత తెలుస్తుంది. ఎగిరే ఎత్తు పెరుగుతూ, బరువు నెమ్మదిగా పెరుగుతుంటే అది ఎదుగుదల. బరువు తగ్గుతూ, పరుగు కూడా మందగిస్తుంటే అది లోటు; ఆట మాస్టారికీ, డాక్టరుకూ చెప్పవలసిన సంగతి. జాతీయ పోషకాహార సంస్థ పుస్తకాన్ని ప్రతి పాఠశాల గ్రంథాలయంలోనూ ఉంచవలసిందే. మైదానానికి వెళ్ళే పిల్లలు మాత్రం దాన్ని చదివేటప్పుడు, పళ్ళెం బొమ్మ పక్కన తమ వయసునూ, తమ ఆటనూ రాసుకొని లెక్క సరిచేసుకోవాలి.